మఫ్టీలో ఉన్నా పోలీసే: విధుల్లో లేని సిబ్బందికి కావలసిన ఆపత్కాల సామగ్రి

ప్రతి ఏటా అక్టోబర్ 21వ తేదీన దేశమంతటా పోలీసు అమరవీరుల సంస్మరణ దినాన్ని పాటించడం ఆనవాయితీగా వస్తున్నది. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసు జవాన్లు అసువులు బాసారు. సంస్మరణ కవాతుల్లో స్మరించుకునే వారందరూ యూనిఫాం ధరించి, ఆయుధం చేతబట్టి నేలకొరిగినవారేనని సామాన్య ప్రజలు భావిస్తుంటారు. అది పూర్తి నిజం కాదు. గ్రేహౌండ్స్ దళ నిర్మాతగా పేరొందిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్ల తూటాలకు బలయ్యారు. 1999 సెప్టెంబర్ 4న ఎస్.ఆర్. నగర్ కూడలిలో తన కారుపై దాడి జరిగినప్పుడు ఐపీఎస్ అధికారి ఉమేష్ చంద్ర, వద్ద ఆయుధం లేకపోయినప్పటికీ, దుండగులను వెంబడించి ప్రాణాలు అర్పించారు.

చట్టం దృష్టిలో పోలీసు ఉద్యోగికి విరామం లేదు. 1861 నాటి పోలీసు చట్టంలోని 22వ సెక్షన్ ప్రతి పోలీసు అధికారినీ ఎల్లవేళలా విధుల్లో ఉన్నవానిగానే పరిగణిస్తున్నది. ఆచరణలో మాత్రం విధి ముగిసిన వెంటనే తుపాకీని బెల్ ఆఫ్ ఆర్మ్స్‌గా వ్యవహరించే ఆయుధాగారంలో అప్పగించి, సంతకం చేసి, మఫ్టీలో ఇంటిదారి పట్టడం కానిస్టేబుల్ స్థాయి సిబ్బందికి నిత్యకృత్యం. వాకీటాకీ స్టేషన్‌లోనే ఉంటుంది. లాఠీ, శిరస్త్రాణం కూడా అక్కడే ఉంటాయి. ఆ తర్వాత బస్టాండులోనో, సినిమాహాలులోనో, పెళ్లి మండపంలోనో కళ్లెదుట దాడి జరిగితే చట్టం ఆయనను పోలీసుగానే చూస్తుంది, చుట్టూ ఉన్న జనం ఆయన వైపే చూస్తారు, చేతిలో మాత్రం ఏమీ ఉండదు. ఈ లోటును పూడ్చడానికి ఏ సామగ్రి అవసరమన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే మొదటి సమాధానం తుపాకీ. వివిధ దేశాల అనుభవాలను పరిశీలిస్తే ఆ సమాధానం సరికాదని తేటతెల్లమవుతున్నది.

విధుల్లో లేని పోలీసు పాత్రపై ఎక్కువ చర్చ జరిగిన దేశం అమెరికా. 1999 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగే వరకు అక్కడి పద్ధతి వేరుగా ఉండేది. ముందుగా వచ్చిన పోలీసులు భవనాన్ని చుట్టుముట్టి, ప్రత్యేక దళం వచ్చేవరకు వేచి ఉండేవారు. ఆ నిరీక్షణలో ప్రాణాలు పోతున్నాయని గ్రహించిన మీదట, మొదట చేరుకున్నవారే లోపలికి వెళ్లి దాడిని అడ్డుకోవాలన్న విధానం రూపుదిద్దుకున్నది. 2000 నుండి 2013 వరకు జరిగిన 160 కాల్పుల ఘటనలను ఆ దేశపు ఎఫ్.బి.ఐ. అధ్యయనం చేసి 2014లో నివేదిక వెలువరించింది. ఎంతసేపు సాగినదీ కచ్చితంగా తెలిసిన 63 ఘటనల్లో 44 ఘటనలు 5 నిమిషాలలోపే, వాటిలోనూ 23 ఘటనలు 2 నిమిషాలలోపే ముగిసిపోయాయని అందులో పేర్కొన్నారు. గస్తీ వాహనం బయలుదేరి చేరుకునేలోగా అంతా అయిపోతున్నదన్నమాట. కనుక ఆ సమయానికి అక్కడే ఉన్న పోలీసు ఉద్యోగి, ఆయన సెలవులో ఉన్నప్పటికీ, ఎంతో కీలకమవుతున్నారు.

2007 ఫిబ్రవరి 12న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ట్రాలీ స్క్వేర్ అనే వాణిజ్య సముదాయంలో ఒక యువకుడు కాల్పులకు తెగబడి ఐదుగురిని బలిగొన్నాడు. పొరుగున ఉన్న ఆగ్డెన్ నగర పోలీసు అధికారి ఒకరు ఆ సమయంలో భార్యతో కలిసి అక్కడి రెస్టారెంటులో భోజనానికి వచ్చి ఉన్నారు. ఆ నగరం ఆయన పరిధి కాదు, అక్కడి పోలీసులు ఆయనను ఎరుగరు. పిస్తోలు తప్ప ఒంటిపై జాకెట్ గానీ, వాకీటాకీ గానీ లేవు. అయినప్పటికీ ఆయన దుండగుడి దృష్టిని తనవైపు మళ్లించి, స్థానిక పోలీసులు చేరుకునే వరకు నిలువరించగలిగారు. తాను విధుల్లో లేని పోలీసునని ఆయన బిగ్గరగా చెప్పుకోవలసి వచ్చింది. కంట్రోల్ రూం ఉద్యోగిని అయిన ఆయన భార్య రెస్టారెంటు నుండి అత్యవసర నంబరుకు ఫోన్ చేశారు. ఆ రోజు మరెందరి ప్రాణాలనో కాపాడినందుకు ఆ అధికారికి విస్తృత ప్రశంసలు లభించాయి. అయితే లోపలికి ప్రవేశిస్తున్న పోలీసుల కంటికి చేతిలో తుపాకీ ఉన్న సాధారణ దుస్తుల వ్యక్తులు ఇద్దరు కనిపించే పరిస్థితి అది. వారిలో ఎవరు పోలీసో, ఎవరు హంతకుడో క్షణంలో తేల్చుకోవాలి.

ఆ తేల్చుకోవడంలో పొరపాటు జరిగిన సందర్భాలు ఉన్నాయి. 2008 జనవరి 25న న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌లో, వీధిలో జరిగిన ఒక దాడిలో జోక్యం చేసుకున్న క్రిస్టఫర్ రిడ్లీ అనే 23 ఏళ్ల పోలీసు, విధుల్లో లేని వేళ, అక్కడికి వచ్చిన ఇతర పోలీసుల కాల్పుల్లో మరణించారు. మరుసటి ఏడాది మే 28న న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ప్రాంతంలో ఒమార్ ఎడ్వర్డ్స్ అనే 25 ఏళ్ల పోలీసు విధి ముగించుకుని వస్తూ, తన కారులో చొరబడిన వ్యక్తిని తుపాకీ చేతబట్టి తరుముతుండగా సహోద్యోగి తూటాలకే బలయ్యారు. వైద్య సిబ్బంది ఆయన చొక్కాను కత్తిరించినప్పుడు లోపల పోలీసు అకాడమీ పేరు గల బనియను కనిపించింది. గుర్తింపు ఆయన వద్ద ఉన్నది, కానీ చొక్కా కింద ఉన్నది.

ఈ మరణాలపై న్యూయార్క్ గవర్నర్ నియమించిన బృందం 2010లో నివేదిక సమర్పించింది. సుమారు మూడు దశాబ్దాల కాలంలో ఆ దేశంలో 26 మంది పోలీసులు తోటి పోలీసుల చేతిలో పొరపాటున మరణించారని అందులో వెల్లడించారు. వారిలో విధుల్లో లేనివారు దాదాపు అందరూ నల్లజాతి లేదా లాటిన్ అమెరికా మూలాలు గలవారే కావడం ఆ దేశపు మరొక కఠోర వాస్తవాన్ని బయటపెట్టింది. నివేదికలో ప్రస్తావించిన ఒక అంశం ఏ దేశపు పోలీసులకైనా వర్తిస్తుంది. వెనుకనుండి ఎవరైనా ఆగమని అరిస్తే మనిషి అప్రయత్నంగా ఆ శబ్దం వైపు తిరుగుతాడు. చేతిలో తుపాకీ ఉంటే అదీ అతనితోపాటే తిరుగుతుంది. అరిచినవారికి అది తమపై గురిపెట్టినట్లే కనిపిస్తుంది. కాబట్టి సవాలు చేసిన పోలీసు మాటను కదలక మెదలక పాటించాలని, తాను పైఅధికారి అయినా సరే ముందు ఆజ్ఞకు లోబడి ఆ తర్వాతనే పరిచయం చెప్పుకోవాలని శిక్షణలో బోధిస్తారు.

అందువల్ల మఫ్టీలో ఉన్న పోలీసుకు కావలసిన సామగ్రిలో అగ్రస్థానం గుర్తింపుదే. పర్సులో దాచుకునే కార్డు దీనికి చాలదు. రెండు చేతులూ తీరికలేని సమయంలో పర్సు తీయడం సాధ్యపడదు, జేబులోకి చేయి పోనివ్వడమే ప్రమాదకరం. అమెరికాలో చాలామంది పోలీసులు వాడే సాధనం ఒక వెడల్పాటి పట్టీ. అర్చకుల ఉత్తరీయంలా భుజం మీదుగా ఏటవాలుగా వేసుకునే ఈ పట్టీపై ముందూ వెనుకా పోలీసు అన్న అక్షరాలు దూరం నుండి కూడా కనబడేలా, వెలుగు పడితే మెరిసేలా ఉంటాయి. మడిస్తే చిన్న సంచిలో ఇమిడిపోతుంది. వెనుకవైపు అక్షరాలు ఉండడం ముఖ్యం, ఎందుకంటే పొరపాటున కాల్చేవారు తరచు వెనుకనుండే వస్తారు. మెడలో వేలాడే బ్యాడ్జి ఛాతీ మీద మాత్రమే కనిపిస్తుంది, పరుగెత్తేటప్పుడు వీపు మీదికి పోతుంది.

అయితే ఈ గుర్తింపుకు మరొక పార్శ్వం ఉన్నది. 2011 జూలై 22న నార్వేలోని ఉటోయా ద్వీపంలో జరుగుతున్న యువజన శిబిరంపై దాడి చేసి 69 మందిని చంపిన హంతకుడు పోలీసు దుస్తుల్లోనే వచ్చాడు. ఆ శిబిరానికి భద్రత చూస్తున్న ట్రోండ్ బెర్న్‌ట్సెన్ అనే పోలీసు అధికారి విధుల్లో లేని తీరిక వేళలో ఆ పని చేస్తున్నారు, ఆయన వద్ద ఆయుధం లేదు. మొట్టమొదట నేలకొరిగిన వారిలో ఆయన ఒకరు. మన నగరాల్లో నకిలీ పోలీసులు వృద్ధులను ఆపి ఒంటిమీది నగలు కాజేసిన ఉదంతాలు పత్రికల్లో తరచు వస్తూనే ఉంటాయి. పోలీసు అని రాసి ఉన్న పట్టీని ఎవరైనా కుట్టించుకోవచ్చు. కనుక పట్టీ కాల్పులు జరగకుండా ఒక్క క్షణం ఆపగలదే తప్ప పోలీసని రుజువు చేయలేదు. రుజువు చేయగలిగేది కంట్రోల్ రూంకు ముందుగా అందిన సమాచారం ఒక్కటే. ఆ పని చేసే పరికరం ప్రతివారి జేబులోనూ ఉన్న సెల్‌ఫోను.

గుర్తింపు తర్వాత స్థానం రక్తస్రావాన్ని ఆపే సామగ్రిది. ఇందులో అభిప్రాయభేదానికి తావు లేదు. విధుల్లో లేని పోలీసు జీవితకాలంలో దుండగుడిని ఎదుర్కొనే అవకాశం బహు తక్కువ. రోడ్డు ప్రమాదంలో తొడ నరం తెగి రక్తం ధారగా పోతున్న మనిషి ఎదురయ్యే అవకాశం చాలా ఎక్కువ. పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. 2012లో శాండీ హుక్ పాఠశాల దుర్ఘటన అనంతరం అమెరికా శస్త్రవైద్యులు, పోలీసు ప్రముఖులు హార్ట్‌ఫర్డ్ నగరంలో సమావేశమై, రక్తస్రావాన్ని ఆపడం వైద్యులకే పరిమితమైన పని కాదని, మొదట చేరుకున్న ప్రతి పోలీసూ చేయదగినదని 2013లో ప్రకటించారు. 2015లో ఇదే ఆశయంతో సామాన్య ప్రజల కోసం కూడా అక్కడ ప్రచారోద్యమం మొదలైంది.

ఈ సామగ్రిలో ప్రధానమైనది టూర్నికెట్. సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీకి మెలితిప్పే పుల్ల అమర్చి ఉంటుంది. చేతికి గానీ కాలికి గానీ గాయానికి 5 నుండి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా కట్టి, రక్తం ఆగేవరకు పుల్లను తిప్పి బిగించాలి. నొప్పితో క్షతగాత్రుడు కేకలు పెట్టినా వదలరాదు. కట్టిన సమయాన్ని పట్టీ మీద గానీ నుదుటి మీద గానీ రాయాలి. కొంతసేపటికొకసారి కట్టు వదులు చేయాలని పాత ప్రథమ చికిత్స పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు ఆ పద్ధతిని వైద్యులు ఆమోదించడం లేదు, వదులు చేసిన ప్రతిసారీ పోయే రక్తం తిరిగి రాదు. ఆసుపత్రిలో వైద్యుడే దానిని విప్పాలి. బెల్టుతోనో, చున్నీతోనో బిగిస్తే సరిపోతుందన్న నమ్మకం మన వద్ద బలంగా ఉన్నది. మెలితిప్పే పుల్ల లేని కట్టు ధమనిని పూర్తిగా నొక్కలేదు. పైగా సిరలను మాత్రమే మూసివేసి రక్తస్రావాన్ని పెంచే ప్రమాదం ఉన్నది. పాముకాటుకు టూర్నికెట్ కట్టరాదన్న సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

గజ్జలు, చంక, మెడ మొదలు వంటి చోట్ల పట్టీ కట్టడం కుదరదు. అక్కడ శుభ్రమైన గాజుగుడ్డను గాయం లోతుకు కూరి, శరీరం బరువంతా మోపి నొక్కిపట్టాలి. రక్తాన్ని గడ్డకట్టించే మందు అద్దిన గుడ్డ అయితే కనీసం 3 నిమిషాలు, మామూలు గుడ్డ అయితే సుమారు 10 నిమిషాలు చేయి తీయకుండా ఉంచాలి. ఈ గుడ్డ, రెండు జతల చేతి తొడుగులు, ఒక టూర్నికెట్, నల్లటి మార్కర్ పెన్ను, చిన్న టార్చిలైటు కలిపినా స్కూటర్ డిక్కీలో సులభంగా ఇమిడిపోతాయి. మన సిబ్బందిలో అధికులకు కారు లేదు. విదేశీ పోలీసుల కారు డిక్కీలో ఉండే పెద్ద సంచిని యథాతథంగా అనుకరించవలసిన అవసరమూ లేదు.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ విషయంలో అపోహలు ఎక్కువ. చొక్కా కింద ధరించే మెత్తటి జాకెట్ పిస్తోలు, రివాల్వర్ తూటాలను ఆపగలదు గానీ ఎ.కె.-47 వంటి రైఫిల్ తూటాను ఆపలేదు. దానికి పింగాణీ లేదా ప్రత్యేక పాలిథిలీన్‌తో చేసిన గట్టి పలకలు ముందూ వెనుకా అమర్చాలి. పలకలు గల జాకెట్‌ను ఎవరూ ఒంటిపై వేసుకుని కూరగాయలకు వెళ్లరు. కారులో ఉంచుకుని, అవసరమైనప్పుడు తలపైనుండి ఒక్కసారిగా తగిలించుకునే రకాన్ని అమెరికా పోలీసులు వాడుతున్నారు. మన దేశంలో ఇటువంటి జాకెట్ల నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ 2018లో ఐఎస్ 17051 ప్రమాణాన్ని రూపొందించింది. ఆ ముద్ర లేని జాకెట్‌ను, అది ఎంత చవకగా లభించినా, ఎవరి ప్రాణానికీ పూచీగా పెట్టరాదు.

కోస్తా జిల్లాల ఎండకూ, ఉక్కకూ సంబంధించిన మరొక జాగ్రత్త ఉన్నది. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పోలీసు అధికారి ధరించిన జైలాన్ అనే నారతో చేసిన జాకెట్‌ను పిస్తోలు తూటా ఛేదించింది. వేడి, తేమ తగిలితే ఆ నార బలహీనపడుతున్నదని పరీక్షల్లో తేలడంతో 2005లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ రకం జాకెట్లకు ఆమోదాన్ని ఉపసంహరించింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న నారలు అంతకన్నా దృఢమైనవే. అయినప్పటికీ మే నెల ఎండలో నిలిపి ఉంచిన కారు డిక్కీలో ఏళ్ల తరబడి జాకెట్‌ను మగ్గనివ్వడం మంచిది కాదు. తయారీదారులు సాధారణంగా 5 సంవత్సరాల వరకే హామీ ఇస్తున్నారు. ఆ తేదీ జాకెట్ లోపలి చీటీపై ఉంటుంది.

ఇక ఆయుధం. విధుల్లో లేని పోలీసులు అర్హత, గుర్తింపు కార్డు ఉంటే దేశంలో ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ వెంట ఉంచుకోవడానికి వీలు కల్పిస్తూ అమెరికా 2004లో ఒక సమాఖ్య చట్టం చేసింది. ప్రజల చేతుల్లోనే కోట్లాది తుపాకులున్న దేశం అది. మన పరిస్థితి వేరు. ఇంటికి తీసుకువెళ్లిన తుపాకీ పిల్లల చేతిలో పడే ప్రమాదం, దొంగిలింపునకు గురయ్యే ప్రమాదం, కుటుంబ కలహాల్లో దుర్వినియోగమయ్యే ప్రమాదం తేలికగా తీసివేయదగినవి కావు. సరైన ఆయుధం లేక ప్రాణాలు పోయిన సందర్భాలూ లేకపోలేదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో సోదాలు చేస్తున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరపగా ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు మరణించారు. 2008 నవంబర్ ముంబయి దాడుల్లో గిర్‌గావ్ చౌపాటీ వద్ద ఏ.ఎస్.ఐ. తుకారాం ఓంబ్లే లాఠీతోనే విధుల్లో ఉండి, కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులతో ఒడిసిపట్టి, ఆ ఉగ్రవాది సజీవంగా పట్టుబడడానికి కారకులయ్యారు. ఆయనకు 2009లో మరణానంతరం అశోకచక్ర ప్రకటించారు. వీరంతా విధుల్లో ఉన్నవారే. కనుక ఆయుధాల కొరత తీర్చవలసింది ముందుగా విధుల్లో ఉన్న సిబ్బందికి, ఆ తర్వాతనే ఇంటికి తీసుకువెళ్లే విషయం.

ఆయుధం లేనంత మాత్రాన చేయగలిగింది ఏమీ లేదని భావించరాదు. 2022 మే 24న టెక్సాస్‌లోని ఉవాల్డే పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు బలైన ఘటనలో, పోలీసులు వందల సంఖ్యలో చేరుకుని కూడా 77 నిమిషాల పాటు దుండగుడున్న గదిలోకి ప్రవేశించలేదు. అదే సమయంలో క్షవరశాలలో కూర్చుని ఉన్న సరిహద్దు గస్తీ దళ ఉద్యోగి ఒకరు, అదే పాఠశాలలో పనిచేస్తున్న భార్య నుండి సందేశం అందగానే, మంగలి వద్ద ఉన్న తుపాకీని అరువు తీసుకుని పరుగున వెళ్లి, తరగతి గదుల నుండి పిల్లలను బయటకు చేర్చడంలో పాలుపంచుకున్నారు. ఆయన తుపాకీ పేల్చినట్లు ఎక్కడా లేదు. దారి తెలిసినవాడు ముందు నడిచి, జనాన్ని ప్రమాద స్థలానికి దూరంగా తరలించడమే అక్కడ జరిగిన మేలు. అందుకు కావలసినవి గొంతు, ఈల, పట్టీ.

సాధారణ ప్రజలు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. పోలీసులు చేరుకున్నప్పుడు చేతులు ఖాళీగా, పైకి కనబడేలా ఉంచాలి. సెల్‌ఫోను సైతం చేతిలో పట్టుకోరాదు. పోలీసుల చొక్కా పట్టుకుని ఆపడం, అడ్డంగా పరుగెత్తడం చేయరాదు. క్షతగాత్రులను దాటి పోలీసులు ముందుకు వెళ్లిపోతే దానిని నిర్దయగా భావించరాదు, దాడిని ఆపడం వారి మొదటి కర్తవ్యం. ఆపదలో పోలీసు సహాయానికి 100 లేదా 112 నంబరుకు, అంబులెన్సుకు 108 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పోలీసు కుటుంబ సభ్యుల బాధ్యత ఇంకొంచెం ఎక్కువ. మఫ్టీలో ఉన్న భర్తనో, తండ్రినో గుర్తుపట్టి చెప్పగలిగేది ఆ క్షణంలో వారే. పక్కనే నిలబడి ఉండక సురక్షితమైన చాటుకు చేరుకుని ఫోన్ చేయాలి. స్థలం పేరు, దాడి చేస్తున్నవారు ఎందరు, వారి వద్ద ఏ ఆయుధం ఉన్నది అన్న వివరాల తర్వాత, లోపల ఒక పోలీసు ఉన్నారని స్పష్టంగా తెలపాలి. పోలీసు అని చెబితే సరిపోదు. గళ్ల చొక్కా, ఖాకీ కాని నల్ల ప్యాంటు, పొడవు ఆరడుగులు, కళ్లజోడు, చేతిలో తుపాకీ ఉన్నదా లేదా, మెట్ల వైపు ఉన్నారా వంటగది వైపు ఉన్నారా అన్నవన్నీ కంట్రోల్ రూం సిబ్బంది రాసుకునేవరకు ఫోన్ పెట్టివేయరాదు.